పక్క విద్యను మాన్పించకండి

పరీక్షల కాలం కదా, శ్రీకాకుళంలో తల్లిదండ్రుల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. “రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు మునుగుతాడు. ఒక్క విద్యనే పట్టుకోవాలి. పరాయి విద్య నేర్చుకుంటే సొంతదనం పోతుంది. నాలుగు విద్యలు కలిపి కొత్తది కనిపెట్టడం నగరాల్లోని పెద్ద చదువులకే చెల్లుతుంది.” ఇదీ దాని సారాంశం. నేను లెక్కల టీచర్ని. ఈ మాటలు పిల్లలకు చేటు చేస్తాయి కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

మొదట పడవల సంగతి. మన జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పేవారు. శాసనాలు చదవడం నేర్చుకున్నారు. అది చాలదన్నట్టు సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. శాసనాల్లో మాట తరతరానికీ ఎలా మారిందో, పుస్తకాలు లేని సవరల నోట వ్యాకరణం ఎంత చక్కగా నిలిచిందో చూసిన మనిషికి, వాడుక తెలుగు రాతకు పనికిరాదన్న వాదం ఎలా రుచిస్తుంది? వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటానికి బలం అక్కడిదేనని నా నమ్మకం. ఒకటి ఒప్పుకుంటాను: అన్నిటినీ తాకి వదిలేస్తే ఏదీ అబ్బదు. గిడుగు తాకి వదల్లేదు, సవరకు దశాబ్దాలు ఇచ్చారు.

సొంతదనం పోతుందా? విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు వాయించిన వయొలిన్ ఐరోపా వాద్యం. అక్కడ గడ్డం కింద పట్టుకుంటారు. మనవాళ్లు నేల మీద కూర్చుని, దాని తలను పాదం మీద ఆనించారు. వాద్యం కదలకుండా నిలిచింది, ఎడమ చెయ్యి తీగ మీద స్వేచ్ఛగా జారింది, స్వరం ఊగుతూ జారే గమకం పలికింది. పోయిందేమిటి?

ఇక పెద్ద చదువుల మాట. పొందూరు వెళ్లి చూడండి. ఖద్దరు కోసం పత్తిని దువ్వే దువ్వెన వాలుగ చేప దవడ ఎముక. అరచేతిలో ఇమిడిపోతుంది, సన్నని పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజ అంటుకున్న పత్తిని దాంతో మెల్లగా దువ్వుతుంటే నలుసులు రాలిపోయి, పీచు జడ వేయబోయే జుట్టులా సాఫీగా పరుచుకుంటుంది. తినే చేపలో నూలు పనిముట్టును చూసిన ఆ మొదటి మనిషి పేరు ఎక్కడా రాసిలేదు. ఏ నగరం నేర్పింది ఆ చూపు?

ఈ సందేశం నాకు పంపిన తండ్రి కూతురు మా తరగతిలోనే చదువుతోంది. మృదంగం నేర్చుకుంటోంది. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) చెబుతున్నప్పుడు లేచి, “టీచర్, ఏడక్షరాల మిశ్రచాపు తాళం, ఐదక్షరాల ఖండచాపు తాళం ఒకేసారి మొదలుపెడితే మళ్లీ 35 అక్షరాల తర్వాతే కలుస్తాయి, ఇదేనా?” అంది. అదే. తాళంలో అక్షరమంటే ఒక కాలపు లెక్క. పుస్తకంలో ఆ ఉదాహరణ లేదు. మృదంగం మాన్పించే ఆలోచన ఉందని తెలిసి, నిన్న సాయంత్రం ఆ తండ్రికి ఫోను చేశాను. వచ్చే వారం తరగతిలో లెక్కతో పాటు మృదంగం కూడా మోగుతుంది, వచ్చి వినమన్నాను.