ఆరు స్పీకర్లు, ఒక్క కుర్చీ

దేశం ముందు చాలా సమస్యలున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఈ వ్యాసంలో లేదు. ఇంట్లో ఆరు స్పీకర్ల మధ్య కూర్చుని సంగీతం వినడానికి సీడీ తర్వాత వచ్చిన మూడు రకాల డిస్కుల్లో ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) మేలా, డీవీడీ ఆడియో మేలా, బ్లూరే మేలా అన్నది తేల్చేదాకా నిద్రపోకూడదని నిరుడు మే నెలలో నేను తీర్మానించుకున్నాను. మే నెలలో విశాఖలో నిద్ర ఎలాగూ పట్టదు కాబట్టి ఇందులో నా త్యాగం పెద్దగా లేదు.

దీనికి మూలకారణం మా బావమరిది. పాతికేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాడు. ఇల్లు మారుతూ, పారేయడానికి మనసొప్పక, బేస్‌మెంట్‌లోని ఓ పెట్టెని మాకు చేరవేశాడు. అందులో నలభై డిస్కులు, మూడు రకాలూ ఆడించే ఓ యూనివర్సల్ ప్లేయర్. "బంగారం బావా ఇది" అన్నాడు ఫోన్లో. మరి నువ్వెందుకు వదులుకుంటున్నావురా అంటే, "మేమిప్పుడు అన్నీ ఫోన్లోనే వింటున్నాం కదా" అన్నాడు. బంగారాన్ని ఇలా ఇచ్చేసేవాణ్ణి ముప్పై ఆరేళ్ల బ్యాంకు ఉద్యోగంలో నేనెక్కడా చూడలేదు.

ప్లేయర్ అమెరికాది, 120 వోల్టులది. మన గోడలో వచ్చేది 230. డాబాగార్డెన్స్‌లో వెతికి ఓ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. స్విచ్ వేస్తే అది గుయ్‌య్ మని సన్నగా మూలుగుతుంది. సంగీతానికి ముందు తంబూరా శ్రుతి ఉండాలి కదా, కంపెనీవాళ్లు మర్చిపోయింది విద్యుత్ శాఖ సమకూర్చిందనుకున్నాను.

చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, యుద్ధం కాబట్టి. 1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి ఎస్ఏసీడీ తెచ్చాయి. అంతకు ముందు 1982లో మామూలు సీడీ తెచ్చిందీ ఈ జంటే. ఇటుపక్క మిగతా కంపెనీలు డీవీడీ ఆడియో తయారుచేసి పెట్టుకున్నాయి. సరిగ్గా విడుదల చేద్దామనుకునే వేళకి డీవీడీ సినిమాలకి కాపీ చెయ్యకుండా వేసిన తాళాన్ని ఎవరో పగలగొట్టారు. దాంతో పాటల తాళం ఇంకా గట్టిగా చేయించుకోవాలని ముహూర్తం 2000కి మార్చుకున్నారు. ఒకరి డిస్కు ఇంకొకరి ప్లేయర్లో ఆడదు. జనం ఏది కొనాలో తేల్చుకోలేక రెండూ కొనడం మానేశారు. ఇంతలో ఎంపీత్రీ వచ్చింది. సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లుంటే, 128తో సరిపెట్టి, అంటే పదకొండో వంతుకి కుదించి, పాటని ఊరూరా పంచేసింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఇక్కడ పిల్లి రెండు పిట్టల్నీ తినలేదు, అసలు జనానికి పిట్టల మీదే ఆసక్తి లేకుండా చేసింది.

ఎస్ఏసీడీ, డీవీడీ ఆడియోల లెక్కలో తేడా నా పాత వృత్తి భాషలో చెబుతాను. సీడీ, డీవీడీ ఆడియో బ్యాంకు ఆఫీసర్ల పద్ధతిలో నడుస్తాయి. సీడీ సెకనుకి 44,100 సార్లు ఖాతాలో బ్యాలెన్స్ ఎంతుందో 16 బిట్ల కచ్చితమైన అంకె రాస్తుంది. డీవీడీ ఆడియో అదే పనిని 24 బిట్లతో, రెండు స్పీకర్లకైతే సెకనుకి 1,92,000 సార్లు, 5.1కైతే, అంటే చుట్టూ అయిదు స్పీకర్లూ లోతైన శబ్దాలకి ఇంకొకటీ ఉంటే, 96,000 సార్లు చేస్తుంది. ఎస్ఏసీడీది మా అత్తయ్యగారి పద్ధతి. అంకె అక్కర్లేదు. "పెరిగిందా, తగ్గిందా?" అని మాత్రం అడుగుతుంది. సెకనుకి 28,22,400 సార్లు అడుగుతుంది. ఆశ్చర్యమేమిటంటే రెండు పద్ధతుల్లోనూ లెక్క తేలుతుంది. రెండోదాంట్లో ఎదుటివాడు అలిసిపోతాడంతే.

అలా ఒక్క బిట్‌తో గీకేటప్పుడు బోలెడు రొద పుడుతుంది. దాన్నేం చేస్తారంటే, మన చెవికి అందని పై స్థాయికి తోసేస్తారు. పొద్దున్నే మన గుమ్మం ఊడ్చి ఆ చెత్తని పక్కింటి గుమ్మం ముందుకి నెట్టడం మన అపార్ట్‌మెంట్లలో కొత్తేమీ కాదు. మనిషి చెవికి 20 హెర్ట్జ్ (అంటే సెకనుకి ఇరవై కంపనాలు) నుంచి 20 వేల దాకా వినిపిస్తుందని పుస్తకాల్లో రాస్తారు. అది కుర్రచెవి మాట. అరవై దాటాక పైమెట్లు ఒక్కొక్కటే ఊడిపోతాయి. ఎస్ఏసీడీ మాత్రం లక్ష హెర్ట్జ్ దాకా వెళ్తుందని చెప్పి అమ్మారు. లక్ష హెర్ట్జ్ వినగల రసికులు ఎవరా అని ఆరా తీస్తే గబ్బిలాలు, డాల్ఫిన్లు అని తేలింది. ఈ ఊళ్లో మాకు డాల్ఫిన్స్ నోస్ అనే కొండ ఉంది. దురదృష్టవశాత్తూ ముక్కే ఉంది, చెవి లేదు.

డీవీడీ ఆడియోవారు ఇంకో గొప్ప చెబుతారు. 24 బిట్లంటే అతి మెల్లటి ధ్వనికీ అతి పెద్దదానికీ మధ్య 144 డెసిబెల్స్ తేడా పలికించవచ్చట. సీడీకి 96 మాత్రమే. ఈ సౌభాగ్యం పూర్తిగా అనుభవించాలంటే ముందు ఆ అతి మెల్లటిది వినబడాలి. దానికి ఫ్యాన్ ఆపాలి. మే నెలలో విశాఖలో ఫ్యాన్ ఆపి పది నిమిషాలు కూర్చోగలిగినవాడికి సంగీతంతో పనిలేదు, వాడికి మోక్షం దగ్గర్లోనే ఉంది. పోనీ ఫ్యాన్ చప్పుడు మీద 144 పెంచుదామంటే, ఐఎన్ఎస్ డేగా నుంచి లేచిన నేవీ విమానం మన హాల్లోంచి వెళ్లినా చాలదు.

ఇక అసలు చిక్కుకొచ్చాను. ఈ ఫార్మాట్లన్నీ ఒక మనిషిని ఊహించుకుని తయారయ్యాయి. ఆ మనిషి ఒంటరిగా ఉంటాడు. గది నడిమధ్యలో ఒక కుర్చీలో కదలకుండా కూర్చుంటాడు. అతన్ని ఎవరూ కూరలు తెమ్మని పంపరు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌వారు ఆ కుర్చీకి ప్రమాణమే రాసిపెట్టారు. ఎదురుగా సెంటర్ స్పీకర్, దానికి అటూ ఇటూ 30 డిగ్రీల్లో రెండు, వెనకవైపు 100 నుంచి 120 డిగ్రీల మధ్య మరో రెండు. అయిదూ కుర్చీకి సమానదూరంలో ఉండాలి. ఆరోది లోతైన శబ్దాలు పలికించే సబ్‌ఊఫర్.

సీతమ్మధారలో మా ఫ్లాట్ హాలు పద్నాలుగు అడుగులకి పది. మనవడి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి, నేలమీద సుద్దముక్కతో గీతలు గీశాను. కుడివైపు 110 డిగ్రీలు కచ్చితంగా ఫ్రిజ్ తలుపు మీద పడింది. ఎడమవైపు 110 బాల్కనీ గడపమీద, తడిబట్టల దండెం కింద. ప్రపంచ ప్రమాణం ప్రకారం నేను కూర్చోవలసిన చోట మా అత్తయ్యగారి పడక్కుర్చీ ఉంది. పదకొండేళ్లుగా అక్కడే ఉంది. అక్కడైతే ఫ్యాన్ సరిగ్గా నెత్తిమీదుంటుంది, వీధి తలుపూ వంటిల్లూ టీవీ మూడూ కనిపిస్తాయి. శబ్దశాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో కష్టపడి కనుక్కున్న స్థానాన్ని ఆవిడ మొదటిరోజే పట్టేశారు.

సబ్‌ఊఫర్ నేను ఈశాన్యం మూల పెట్టాను. "ఈశాన్యంలో బరువేటి బాబూ?" అన్నారు ఆవిడ. మూఢనమ్మకమని కొట్టిపారేద్దామనుకున్నాను గానీ సైన్సు నా చెయ్యి వదిలేసింది. బాగా లోతైన శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు, కాబట్టి సబ్‌ఊఫర్ ఎక్కడైనా పెట్టుకోవచ్చన్నది ఆడియో ఇంజినీర్లు ఒప్పుకునే మాటే. ఇలా వాస్తూ భౌతికశాస్త్రమూ చర్చల ద్వారా రాజీపడి, ఆ పెట్టె నైరుతిలో ఆవకాయ జాడీల పక్కకి చేరింది. వారం తిరిగేసరికి చిన్న జాడీ దానిమీదకెక్కింది. ఇప్పుడు డ్రమ్ములు మోగినప్పుడల్లా మూత టకటకలాడుతుంది. 5.1లో అది ఎన్నో ఛానెలో నాకు తెలీదు.

వైర్ల సంగతి మా ఎలక్ట్రీషియన్ కుర్రాడే అడిగాడు. "ఏటి సార్, టీవీకి బొమ్మా మాటా ఒక్క వైర్లో వస్తన్నాయి కదా, దీనికి ఆరేటి?" మంచి ప్రశ్న. ఈ డిస్కుల్లోని అసలు సరుకుని డిజిటల్‌గా బయటికి పంపితే మనం కాపీ కొట్టేస్తామని కంపెనీలకి భయం. అందుకని తొలి ప్లేయర్లలో దాన్ని పాతకాలపు అనలాగ్ వైర్లలో, ఛానెల్‌కొకటి చొప్పున ఆరింట్లో మాత్రమే పంపారు. ఒక్క హెచ్‌డీఎంఐ వైరులో పంపడానికి 2004, 2005ల దాకా మనసు రాలేదు. ఎస్ఏసీడీనైతే మామూలు కంప్యూటర్ డ్రైవ్ చదవనే లేదు. అల్లుడికి బీరువా బహుమతిగా ఇచ్చి, తాళంచెవి కొంగున ముడేసుకున్న చందం. కుర్రాడు ఓపిగ్గా అంతా విని, "మరి దొంగలెవరూ ఎత్తుకెళ్లలేదా సార్?" అన్నాడు. లేదు నాయనా, కొనేవాళ్లు కూడా ఎత్తుకెళ్లలేదు అన్నాను.

మొదటి శ్రవణం ఓ ఆదివారం జరిగింది. కుక్కర్ మూడు కూతలు అయ్యేదాకా ఆగి, ఎస్ఏసీడీ పెట్టాను. మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వ్యాఖ్యానం మొదలెట్టాను. ఆ వయొలిన్ చూశావా, విల్లు తీగమీద రాసుకోవడం కూడా తెలుస్తోంది. ఆ గాలి చూశావా. సీడీలో ఈ లోతు జన్మలో రాదు. పావుగంట విన్నాక ఆవిడ ప్లేయర్ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, "ఏమండీ, దీనిమీద సీడీ అని వెలుగుతోందేమిటి?" అంది.

విషయమేమిటంటే ఎక్కువ ఎస్ఏసీడీలు రెండు పొరల హైబ్రిడ్‌లు. ఒక పొరలో అసలు సరుకు, రెండోదాంట్లో మామూలు సీడీ. ప్లేయర్‌కి చెప్పకపోతే అది తనకి నచ్చిన పొర ఆడిస్తుంది. ఆ పావుగంటా వెనక స్పీకర్లు మోగనే లేదు. వాటిని నేను "సూక్ష్మంగా ఉన్నాయి" అని మెచ్చుకున్నాను కూడా.

నాకు జరిగిన ఈ అవమానం శాస్త్రసమ్మతమైనదే. 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇదే పని పద్ధతి ప్రకారం చేసి రాశారు. ఖరీదైన డిస్కులు ఆడిస్తూ, చెప్పకుండా మధ్యలో సీడీ స్థాయికి దించి, ఇప్పుడు వినేది ఏదో చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే సరైన జవాబులు 276. రూపాయి బిళ్ల ఎగరేసినా అంతే వచ్చేది. కానీ వాళ్లే ఇంకో మాటా అన్నారు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ డిస్కులు చాలావరకు మామూలు సీడీల కన్నా నిజంగానే బాగున్నాయట. కారణం ఫార్మాట్ కాదు, వీటిని తయారుచేసిన ఇంజినీర్లు ఒళ్లు దగ్గరపెట్టుకుని పనిచెయ్యడం. వెండికంచంలో వడ్డిస్తున్నాం కదా అని వంటవాడు ఆ రోజు పప్పు మాడకుండా చూసుకున్నాడన్నమాట. ఆ పరీక్ష రెండు స్పీకర్లతో చేసింది. చుట్టూ అయిదుంటే తేడా చెవిటివాడికి కూడా తెలుస్తుంది, అది వేరే సంగతి. నా ఉద్దేశంలో ఈ డిస్కుల్లో డబ్బు పెట్టదగ్గది ఆ చుట్టూ ఉండటమే. మిగతాది డాల్ఫిన్ల వాటా.

డీవీడీ ఆడియో గురించి నా అభిప్రాయం ఇంకా అసంపూర్ణంగానే ఉంది. ఆ డిస్కు పెడితే ముందు టీవీ తెరమీద మెనూ వస్తుంది. చుట్టూ స్పీకర్లన్నీ మోగే సరౌండ్ కావాలా, రెండే మోగే స్టీరియో కావాలా, ఎన్నో పాట కావాలా అన్నది అందులో చూసి నొక్కాలి. నేను ఖాళీగా ఉండేది సాయంత్రం ఏడు తర్వాత. ఏడు తర్వాత మా ఇంట్లో టీవీ ఎవరిదో చెప్పనక్కర్లేదు. "పాట వినడానికి టీవీ ఎందుకు?" అని అత్తయ్యగారు అడిగిన ప్రశ్నకి ఆ ఫార్మాట్ తయారుచేసిన కంపెనీల సంఘం డీవీడీ ఫోరమ్ ఇరవై అయిదేళ్లుగా సమాధానం చెప్పలేదు. చెప్పకుండానే ఆ ఫార్మాట్ కన్నుమూసింది. ఎస్ఏసీడీలు మాత్రం ఇప్పటికీ కొత్తవి వస్తున్నాయి, ఎక్కువగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో. టీవీ జోలికి రాకపోవడమే దాని ఆయుష్షు రహస్యమని నా అనుమానం.

బ్లూరే తెలివైనది. ఒక పొరలోనే 25 గిగాబైట్లు పడతాయి కాబట్టి గొడవలేకుండా అన్నీ మోసుకొస్తుంది. కొన్ని డిస్కులకైతే రిమోట్‌లో రంగు బటన్లు నొక్కితే చాలు, టీవీతో పనిలేదు. కొత్తవాటిలో డాల్బీ ఆట్మాస్ అని పైకప్పులోంచి కూడా శబ్దం వస్తుందట. అది మాకు కొనక్కర్లేదు. మూడో ఫ్లోర్‌వాళ్లు రాత్రి పదకొండుకి మంచం జరుపుతారు.

చివరి ప్రయోగం మొన్న శనివారం. సీరియల్ రాని రోజు చూసి, సరైన పొర ఎంచుకుని, లైవ్ కచేరీ ఎస్ఏసీడీ ఒకటి పెట్టాను. ఇలాంటివాటిలో వాద్యాలు ముందు స్పీకర్లలో ఉంటాయి, వెనక రెండింట్లో హాలు ప్రతిధ్వనీ, జనం సందడీ ఉంటాయి. అత్తయ్యగారు పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాను. రెండు నిమిషాలకి కళ్లు తెరిచి, వెనక్కి తిరిగి ఫ్రిజ్ వైపు చూశారు.

"ఎవరో దగ్గుతున్నారు బాబూ. తలుపు తీసి చూడండి, చుట్టాలేమో."

ఇన్నాళ్లకి ఈ ఇంట్లో సరౌండ్ సౌండ్ విన్న మొదటి మనిషి దొరికినందుకు నాకు ఒళ్లు పులకరించింది. దగ్గు డిస్కులోదని చెప్పాను. ఆవిడ కాసేపు అనుమానంగా విని, "పిల్లనగ్రోవి లాంటిది ఆ మూల, పెద్ద ఫిడేలు ఈ మూల. బావుంది, ఉంచండి" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ డిస్కు పెట్టమంటున్నారు. ఆ కుర్చీ ఖాళీ అయ్యే ఆశ ఇక లేదు. నేను డైనింగ్ కుర్చీ ఒకటి లాక్కుని ఫ్రిజ్ పక్కన, వెనక స్పీకర్‌కి ఆనుకుని కూర్చుంటున్నాను. అక్కడికి వాద్యాలు అంతగా రావు. చప్పట్లు మాత్రం చాలా స్పష్టంగా వినిపిస్తాయి.