చీటీ లేని రాళ్లు

పోయిన నెల ఒక పెద్దాయన ఇంటివాళ్లు ఆయన ఏరి దాచుకున్న రాళ్ల పెట్టె తెచ్చి నాకిచ్చారు. ఆయన పోయి ఏడాదైందట. మూత తీయగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నీ సున్నపురాయి ముక్కలే. ఒక బూడిదరంగు రాయిని తడిపి భూతద్దం కింద పెట్టాను. చిన్న చిన్న బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, నడుమ సూది దూరేంత బెజ్జం. క్రినాయిడ్ అనే సముద్ర జీవి కాడ, రాయిలో మిగిలిన శిలాజం! సముద్రపు లిల్లీ అంటారు గానీ అది మొక్క కాదు, నక్షత్ర చేపకి చుట్టమైన జంతువు. విరిగిన చోట అద్దంలా తళుక్కుమంటోంది, ఎందుకంటే ఒక్కో బిళ్లా ఒకే కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) స్ఫటికం.

పెట్టె అడుగుదాకా వెతికాను. ఒక్క చీటీ లేదు. ఏ చోట, ఏ రాతిపొరలో దొరికాయో ఆయనకి గుర్తుండే ఉంటుంది. అదంతా ఆయనతోనే పోయింది.

శిలాజాలు ఏరేవాళ్లందరికీ దండం పెట్టి చెబుతున్నా, రాయి సంచిలో వేసే ముందు రాసుకోండి. (ఏరడానికి అనుమతి ఉన్నచోటే ఏరండి, అది వేరే చెప్పక్కర్లేదు.) గుర్తుంటుందిలే అనుకోకండి. నాలుగు చోట్లు తిరిగొచ్చి సంచి బోర్లిస్తే ఏది ఎక్కడిదో మనకే తెలీదు. ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన, గట్టి పెంకున్న సముద్ర జీవి) అయితే కనీసం 25 కోట్ల ఏళ్ల పాతదని చెప్పొచ్చు, ఆ తర్వాత అవి లేవు కాబట్టి. క్రినాయిడ్లు మాత్రం ఇవాళ్టికీ సముద్రం అడుగున బతుకుతున్నాయి. ఉత్త కాడ ముక్క చూసి వయసు చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

రాసుకుంటే ఏమొస్తుందో విలియం స్మిత్‌ని చూడండి. ఆయన ఇంగ్లండ్‌లో కాలువల తవ్వకాల దగ్గర పనిచేసిన సర్వేయర్. ఏ శిలాజం ఏ పొరలో వస్తోందో పట్టుబట్టి రాసుకున్నాడు. చూడ్డానికి ఒకేలా ఉన్న పొరల్ని కూడా లోపలి శిలాజాల్ని బట్టి విడదీశాడు. 1815లో ఆయన వేసిన ఇంగ్లండ్, వేల్స్ భూగర్భ పటం ఆ రాతల్లోంచి పుట్టిందే. అప్పులపాలై 1819లో జైలుకి కూడా వెళ్లాడు. ఏరిన శిలాజాల్ని అంతకుముందే బ్రిటిష్ మ్యూజియానికి అమ్ముకోవాల్సి వచ్చింది. అయినా ఏది ఏ పొరదో తెలుసు కాబట్టి వాటి విలువ పోలేదు.

నన్ను మండించే ఇంకో పని, శుభ్రం చేస్తామని యాసిడ్‌లో ముంచడం. సున్నపురాయీ కాల్షియం కార్బొనేటే, మామూలుగా లోపలి శిలాజపు చిప్పా అదే. నురగ వస్తోందంటే చిప్ప కూడా కరుగుతోందన్నమాట! తెలిసినవాళ్లొకరు ఒక బ్రాకియోపాడ్‌ని (రెండు చిప్పలున్న సముద్ర జీవి శిలాజాన్ని) రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టారు. పొద్దున చూస్తే చిప్ప మీద విసనకర్ర మడతల్లా ఉన్న గీతలన్నీ నున్నగా అరిగిపోయాయి. శిలాజం ఈ యాసిడ్లకి కరగని సిలికాగా మారి ఉంటే తప్ప యాసిడ్ జోలికి పోవద్దు. నీళ్లు, మెత్తటి బ్రష్, సూది, కాస్త ఓపిక చాలు.

నేనైతే రాయి వెనక తెల్ల రంగు చుక్క పెట్టి, ఆరాక నల్ల సిరాతో నంబరు వేస్తాను. అదే నంబరు కింద నోట్‌బుక్‌లో చోటు, పొర, తేదీ. చీటీ ఊడిపోయినా నంబరు ఉంటుంది. పెద్దాయన రాళ్లకీ అలాగే వేశాను. వాటి ఎదురుగా చోటు గడి ఖాళీగా వదిలాను. పాత డైరీలు అటక మీద ఉన్నాయని, దించి చూస్తానని వాళ్లబ్బాయి అన్నాడు.