అరచేతులు పెంచుకోండి!

ఫోన్లు చేతిలో ఇమడట్లేదని కంపెనీలను ఏమీ అనకండి. తప్పంతా మన అరచేతులదే. 2007లో మొదటి ఐఫోన్ తెర మూడున్నర అంగుళాలు. 2024లో వచ్చిన 16 ప్రో మ్యాక్స్ తెర 6.9. పదిహేడేళ్లలో తెర దాదాపు రెట్టింపైతే మన బొటనవేలు మాత్రం ఒక్క గింజంత కూడా సాగలేదు. ఇదీ మన క్రమశిక్షణ!

మొన్న అమలాపురంలో ఓ షాపుకెళ్లి, "చేతిలో ఇమిడే ఫోన్ చూపించు బాబూ" అన్నాను. కుర్రాడు జాలిగా చూసి కీప్యాడ్ ఫోన్ తీశాడు. స్మార్ట్‌ఫోనే కావాలన్నాను. "చిన్నదెందుకండీ బాబూ? పెద్దదైతే సినిమా బాగా కనపడుద్దండీ, ఆయ్!" నేను అడిగింది ఫోనా, టూరింగ్ టాకీసా?

అసలు సినిమా చూడాలంటే నరసాపురం–సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు ఎక్కాలి. ఆసామి బండి ఎక్కిస్తాడు. చొక్కా జేబులో ఫోన్, సగం లోపల, సగం బయట. స్టాండు వేయడానికి వంగుతాడు. ఫోనూ వంగుతుంది. దాన్ని పట్టుకోబోయి బండి వదిలేస్తాడు. బండి పక్కాయన కొబ్బరి బస్తా మీద ఒరుగుతుంది, మూతి ఊడి కాయలు దొర్లుతాయి, "ఫోనండీ, ఫోనూ!" అని ఒకరు, "కాయలండీ!" అని ఒకరు. వశిష్ఠ గోదావరిలో ఏది పడబోతోందో ఎవరికీ తెలీదు. చివరికి ఫోన్ దక్కుతుంది. ఆయన దాన్ని తుడిచి, పూతరేకుల పెట్టెలా రెండు చేతులా చెవికి ఆనించి, "ఆఁ, రేవు దాటేత్తన్నానండీ" అంటాడు. బండి ఎవరు పట్టుకున్నారని అడక్కండి.

చిన్నవి ఎవరూ కొనరట. 2020లో ఐఫోన్ 12 మినీ, మరుసటేడు 13 మినీ, రెండూ 5.4 అంగుళాలే. 2022లో కొత్త మోడళ్లలో మినీని ఎత్తేసి 6.7 అంగుళాల ప్లస్ దించారు. వచ్చినప్పుడు మన దేశంలో ఆ మినీల ధర 69,900 రూపాయల నుంచి మొదలు! ఆ రేటు పెట్టి, అమ్ముడుపోకపోతే నేరం సైజుదా?

కొబ్బరి దింపు తీసేవాడు ఫోన్ మొలలో దోపుకుని చెట్టెక్కాలి. అర్ధరాత్రి రొయ్యల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగితే గట్టు మీద కాపలావాడు ఒక చేత్తో టార్చి పట్టుకుని రెండో చేత్తోనే రైతుకి ఫోన్ చేయాలి. నాట్లకెళ్లే ఆడమనిషి దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది? చీరకి జేబుందా? వీళ్లు కొనగలిగే రేటులో షాపులో ఉన్నవన్నీ పలకలే. పదివేలలో ఒక్క చిన్న ఫోనైనా ముందు పెట్టి అడిగారా వీళ్లని? పెట్టకుండానే "జనం పెద్దదే కోరుకుంటున్నారు" అని చెప్పడానికి సిగ్గుండక్కర్లేదా?

షాపు కుర్రాడు మాత్రం నన్ను ఒట్టి చేతులతో పంపలేదు. జారకుండా వెనక అతికించే ఉంగరం చూపించాడు, మెడలో వేసుకునే తాడు చూపించాడు. రెండూ విడిగా కొనుక్కోవాలట.