పైన తీగ, కింద నీరు: లెక్క ఒక్కటే

అనంతపురం జిల్లాలో బోరు మీద చీనీ తోట పెంచే రైతుకు వేసవిలో రెండు కష్టాలు కలిసి వస్తాయి. బోరులో నీరు తగ్గుతుంది, మోటరుకు వోల్టేజీ చాలదు. మొదటిదాన్ని భూగర్భ జల శాఖ చూడాలి, రెండోదాన్ని కరెంటు వాళ్లు చూడాలి. రెండు రంగాల్లోనూ పనిచేసిన ఇంజనీరుకు మాత్రం ఇది ఒకే సమస్య.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరం పోయేకొద్దీ తీగ నిరోధం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. అదే లైను మీద ఇంకో మోటరు ఆడితే కొసనున్న పొలానికి ఇంకా తగ్గుతుంది. భూమి లోపలా ఇదే జరుగుతుంది. నీరు తోడేకొద్దీ బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా దిగుతుంది. పక్క పొలంలో బోరు ఆడితే ఆ గరాటు దీనితో కలిసి రెండు చోట్లా మట్టం మరింత దిగుతుంది. రెండు చోట్లా సూత్రం ఒక్కటే: వోల్టేజీలో గానీ నీటిమట్టంలో గానీ తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, అడ్డు పెరిగితే తగ్గుతుంది. 1822లో ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఫూరియే వేడి గురించి ఈ లెక్క రాశాడు. ఆ దారినే 1827లో జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ కరెంటుకు రాశాడు. ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్టణానికి నీళ్లు తెచ్చిన డార్సీ, ఇసుక గుండా నీరు పారే తీరును కొలిచి 1856లో అదే రూపాన్ని చూపాడు.

ఈ పోలిక తెలియకపోతే నష్టం పొలంలో కనిపిస్తుంది. నీళ్లు తగ్గాయని రైతు 5 హెచ్‌పీ మోటరు తీసి 7.5 హెచ్‌పీది దించుతాడు. కింద గరాటు లోతవుతుంది, పైన వోల్టేజీ పడుతుంది. అది చూసి పక్క రైతూ మోటరు మారుస్తాడు. వోల్టేజీ తగ్గినప్పుడు మోటరు అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో వోల్టేజీ ఇంకా పడి చివరికి మోటరు లోపలి తీగచుట్టు (వైండింగ్) కాలిపోతుంది. ఆటో స్టార్టర్లుంటే ఇంకా కష్టం: కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేచి, మామూలుకన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతాయి. ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది.

పోలికకు హద్దులూ ఉన్నాయి, అవి తెలియడమూ అనుభవమే. తీగలో కరెంటు రెట్టింపైతే వోల్టేజీ నష్టం రెట్టింపవుతుంది. పైపులో నీటి వేగం రెట్టింపైతే ఘర్షణ నష్టం దాదాపు నాలుగు రెట్లవుతుంది. పాత సన్న పైపుకే పెద్ద మోటరు తగిలిస్తే అదనపు శక్తిలో చాలా భాగం పైపే తినేస్తుంది. పైగా అనంతపురం రాతినేలలో నీరు పగుళ్లలో ఉంటుంది. ఆ పగుళ్లు రెండు బోర్లను కలపకపోతే గరాటు లెక్క తప్పుతుంది.

ఇలా అన్నిటినీ కలిపి చూడడం మనకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సినవి, ఉండకూడనివి అందులో చెప్పారు. నేల, రాయి, కట్ట పొడవు, పనివాళ్ల నైపుణ్యం, చివరికి చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం కూడా ఒకే లెక్కలోకి వచ్చాయి. నీరు కొంచెమై సాగునేల ఎక్కువ కావడాన్ని దోషమన్నారు. ఓవర్‌లోడైన ట్రాన్స్‌ఫార్మర్‌ది కూడా అదే దోషం.

మన కాలేజీల్లో సివిల్, ఎలక్ట్రికల్ విద్యార్థులు తేడా, అడ్డు, ప్రవాహాల ఈ ఒకే సమీకరణాన్ని వేర్వేరు గదుల్లో, వేర్వేరు అక్షరాలతో నేర్చుకుంటారు. శాఖల్లో ఫైళ్లూ అలాగే విడిపోతాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని రైతులు దరఖాస్తు పెట్టినప్పుడు, దాని కింది బోర్లన్నిటి నీటిమట్టం, కొసనున్న మోటరు దగ్గర వోల్టేజీ ఒకే రోజు కొలిచి ఆ ఫైల్లోనే పెట్టాలి.