బిళ్ళగన్నేరుపై అభియోగపత్రం

మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంటు నివాసుల సంఘం గత ఆదివారం రెండు గంటలపాటు చర్చించి, ప్రహరీగోడ నెర్రెలో మొలిచిన బిళ్ళగన్నేరును వేళ్ళతో సహా పెకలించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానంతో నాకు పేచీ లేదు. ఆ మొక్క నేరాలను మినిట్స్ పుస్తకంలో సగమే రాశారన్నదే నా ఆక్షేపణ.

ఎక్కడో మడగాస్కర్‌లో పుట్టిన జాతి, కుండీ లేకుండా, ఎరువు లేకుండా, నెలనెలా మెయింటెనెన్సు కట్టకుండా, ఏడాది పొడవునా పూస్తూ ఇక్కడే స్థిరపడిపోయింది. బతుకుతెరువు కోసం వచ్చి బెంగళూరులో పాతుకుపోవడం మన తెలుగువాళ్ళకు చెల్లింది గాని, మొక్కలకు కూడా చెల్లితే ఇక సంఘాలెందుకు?

2024 వేసవిలో దాని ప్రవర్తన మరీ అనుమానాస్పదం. ఊళ్ళో బోర్లు ఎండిపోయి, తాగునీటితో తోటలు తడిపితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించగానే మా లాన్ చట్టానికి తలవంచి మాడిపోయింది. బిళ్ళగన్నేరు మాత్రం గులాబీరంగు పూలతో నిలబడే ఉంది. ఎవరో దొంగచాటుగా నీళ్ళు పోస్తున్నారని కార్యదర్శిగారు సీసీ కెమెరాను అటు తిప్పించారు. మూడు రోజుల నిఘాకు చిక్కింది ఒక సీతాకోకచిలుక. గేటు దగ్గర పేరు రాయించకుండా లోపలికొచ్చి, చుట్టచుట్టుకున్న తొండాన్ని విప్పి, పూవు నడుమ సూదిబెజ్జమంత కంతలోకి దించి, తీరిగ్గా తాగి వెళ్ళింది.

తేనెటీగలు ముసిరి పిల్లల్ని కుడతాయన్నది ప్రధాన అభియోగం. ఇది మాత్రం నిలవదు. ఈ పూవులో తేనె అంగుళం పొడవున్న సన్నని గొట్టం అడుగున ఉంటుంది. తేనెటీగ నాలుక అంత లోతుకు అందదు. వాటిని నిజంగా పిలిచి పోషిస్తున్నది మన బాల్కనీల్లో పూతకొచ్చిన తులసి; ఆ తల్లిపై తీర్మానం పెట్టే ధైర్యం ఎవరికుంది? దాని బదులు, పిల్లల రక్తకాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ మందు ఈ మొక్కలోనిదే గనుక, డిగ్రీ లేకుండా వైద్యానికి సాయపడుతోందని రాసి ఉంటే అభియోగం బలంగా ఉండేది.

మదనపల్లె వైపు నుంచి వచ్చిన మా తోటమాలి అంతా విని, "పీకడమెందుకు సార్, రోజూ బాగా నీళ్ళు పోయండి, వేరు కుళ్ళి అదే పోతుంది" అన్నాడు. సభ్యులు ముగ్ధులై తీర్మానాన్ని అక్కడికక్కడే సవరించారు. ట్యాంకరు ధరలు కనుక్కునే బాధ్యతను ముగ్గురు సభ్యుల ఉపసంఘానికి అప్పగించారు.