"ఫస్టియర్‌ని ఎవరూ చూడరు" అనేవాళ్లకి నా జవాబు

కాలేజీల్లో కొత్త బ్యాచ్ చేరే రోజులు వచ్చాయంటే చాలు, ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. మాటలు అటూ ఇటూ మారినా "కాలేజీ మొదటి ఏడాదిలో నేర్చుకున్న ఐదు పాఠాలు" అనే దాని సారం ఒకటే. ఫస్టియర్ మార్కులు ఎవరూ చూడరు. పరీక్ష ముందు రాత్రి కూర్చుంటే చాలు. క్లాసులో డౌట్లు అడిగి లెక్చరర్ల కళ్లలో పడొద్దు. మొదటి నెలలో దొరికిన గ్యాంగే చివరిదాకా నీ గ్యాంగ్. మొదటి సెమిస్టర్‌లోనే తట్టుకోలేకపోతే ఆ కోర్సు నీది కాదు.

నేను చేరినప్పుడు ఒక సీనియర్ నోట ఇవే మాటలు విని, నమ్మి, ఏడాదంతా అలాగే గడిపాను. ఇప్పుడు మా చెల్లి చేరింది. మొన్న తన ఫోన్‌లో అదే మెసేజ్ కనబడింది. ప్రేమగా తమ్ముడికో చెల్లికో చెప్తున్నట్టు ఉంటుంది కాబట్టి పిల్లలు నమ్ముతారు. ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తాను.

మార్కుల సంగతి కాగితం మీద లెక్క వేసి చూద్దాం. కోర్సులో 8 సెమిస్టర్లు, అన్నిటికీ సమానమైన క్రెడిట్లు అనుకోండి. మొదటి రెండింటిలో పదికి 6 పాయింట్లు తెచ్చుకుని, చివరికి సగటు 8 ఉండాలంటే మిగతా ఆరు సెమిస్టర్లలో సగటున 8.67 తెచ్చుకోవాలి. అదే మొదటి రెండింటిలో 7.5 వచ్చి ఉంటే 8.17 సరిపోతుంది. సబ్జెక్టులు కష్టమయ్యేకొద్దీ అర పాయింటు పెంచుకోవడం ఎంత కష్టమో థర్డియర్ వాళ్లని అడగండి. కొన్నిచోట్ల మొదటి ఏడాది పాసైతే చాలు, ఆ మార్కులు డిగ్రీ ఫలితంలో కలపరు, నిజమే. బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలది అదే పద్ధతి. మరి అక్కడైనా రెండో ఏడాది పాఠం మొదటి ఏడాది పాఠం మీదే కదా నిలబడేది?

నాకు దెబ్బ తగిలింది అక్కడే. ఫస్టియర్ ప్రోగ్రామింగ్‌లో పాయింటర్లని, అంటే కంప్యూటర్ మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే చిరునామాలని, బట్టీ కొట్టి గట్టెక్కాను. సెకండియర్ డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో లింక్డ్ లిస్ట్ ప్రోగ్రాం ఇచ్చారు. అందులో ఒక్కో గడిలో ఒక అంకె, తర్వాతి గడి ఎక్కడుందో చూపే ఒక పాయింటర్ ఉంటాయి. బోర్డు మీద మూడు గళ్లు, వాటి మధ్య పాయింటర్లకి గుర్తుగా బాణాలు. మొదటి గడి పక్కన కొత్త గడి చేర్చాలి. ముందు కొత్త గడి నుంచి రెండో గడికి బాణం వెయ్యాలి, ఆ తర్వాతే మొదటి గడి బాణాన్ని కొత్తదాని వైపు తిప్పాలి. నేను వరస మార్చి రాశాను. దాంతో కొత్త గడి బాణం తిరిగి దాని మీదికే వచ్చింది. తెర మీద మొదటి అంకె ఒక్కసారి పడింది, కొత్త అంకె మాత్రం ఆగకుండా పడుతూనే ఉంది. వెనకున్న రెండు గళ్లూ గల్లంతు. రెండు లైన్ల వరస తప్పని అప్పుడు నాకు తట్టనే లేదు. ఎందుకంటే పాయింటర్ అంటే చిరునామా అన్న మాటే నా బుర్రలో లేదు. ఆ సెమిస్టరంతా ఒకపక్క కొత్త పాఠం, ఇంకోపక్క పాత బాకీ.

ఇక ముందు రాత్రి చదువు. అలా చదివి పాసవ్వరా అంటే, అవుతారు. అందుకే ఈ సలహా ఇన్నేళ్లుగా బతుకుతోంది. మనిషి ఎంత త్వరగా మరిచిపోతాడో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకంగా వేశాడు. అర్థం లేని అక్షరాల గుంపులు బట్టీపట్టి చూస్తే, ఒక రోజు గడిచేసరికి దాదాపు మూడింట రెండు వంతులు చేజారిపోయింది. పాఠానికి అర్థం ఉంటుంది కాబట్టి అంత జారకపోవచ్చు, కానీ అర్థం కాకుండా బట్టీపట్టింది దానికి ఎంతో దూరంలో ఉండదు.

నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసి 2006లో ప్రచురించిన ప్రయోగం. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు. ఇంకొందరు మళ్లీ చదవకుండా, గుర్తున్నది కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే తారుమారైంది. రాసుకున్నవాళ్లకి సుమారు 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివినవాళ్లకి 42 శాతమే మిగిలింది. రాత్రంతా పేజీలు తిప్పినవాడికి తెల్లారి "వచ్చేసింది" అనిపించడానికి కారణం అదే, రెండో ఏడాదికి ఏమీ మిగలకపోవడానికి కారణమూ అదే. పైగా చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలో. మనం సరిగ్గా ఆ నిద్రనే మానుకుంటాం. క్లాసు అయిన రోజు సాయంత్రం నోట్స్ మూసేసి, తెల్ల కాగితం మీద పది నిమిషాలు గుర్తున్నది రాయమని మా చెల్లికి చెప్పాను. రాయలేక ఆగిపోయిన చోటే మర్నాడు అడగాల్సిన డౌట్.

ఆ డౌట్ అడగొద్దనే కదా మూడో పాఠం! కసిరే లెక్చరర్లు లేరని నేననను, ఉన్నారు. కానీ "ఏమీ అర్థం కాలేదు సార్" అని వెళ్లడం వేరు, "ఇక్కడిదాకా వచ్చింది, ఈ లైను దగ్గర ఆగాను" అని కాగితం పట్టుకెళ్లడం వేరు. నేను ఆ లింక్డ్ లిస్ట్ కాగితం పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం ముందు రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారి లోపలికి వెళ్లాను. మేడం పెన్సిల్ తీసుకుని నా చేతే బాణాలు గీయించారు. పావుగంట పట్టింది. కళ్లలో పడ్డందుకు నాకు జరిగిన నష్టం ఏమీ లేదు.

గ్యాంగ్ గురించి ఎక్కువ రాయను. మొదటి నెలలో అందరం ఒంటరితనంతో ఎవరు దొరికితే వాళ్ల పక్కన కూర్చుంటాం. అందులో కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. నా దగ్గరి స్నేహితులిద్దరూ సెకండియర్‌లో పరిచయమైనవాళ్లే.

ఐదోది చదివితే మాత్రం నాకు కోపం వస్తుంది. ఇల్లు వదిలి వచ్చి, కొత్త వేగం, కొత్త పద్ధతి, వెంటపడి చదివించేవాళ్లు లేని రోజులు ఒక్కసారిగా మీద పడ్డ మనిషికి, మూడు నాలుగు నెలలకే "నువ్వు దీనికి పనికిరావు" అని తీర్పు చెప్పడం అన్యాయం. వాల్టన్, కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. "నేను ఇక్కడికి చెందినవాణ్ణేనా అన్న బెంగ మొదట్లో అందరికీ ఉంటుంది, పోను పోను తగ్గుతుంది" అని సీనియర్ల అనుభవాల ద్వారా మొదటి ఏడాది విద్యార్థులకి తెలియజెప్పారు. పట్టింది సుమారు ఒక గంట. అమెరికాలోని ఆ కాలేజీలో నల్లజాతి విద్యార్థుల గ్రేడ్లు తర్వాతి మూడేళ్లలో మెరుగుపడి, తెల్లవాళ్లతో ఉన్న తేడా సగానికి తగ్గింది. పిల్లలు మారలేదు, కోర్సూ మారలేదు. తమ కష్టాన్ని వాళ్లు అర్థం చేసుకునే తీరు మారింది. గ్రూపుల్లో తిరిగే ఈ మెసేజ్ మన పిల్లలకి చెప్పేది సరిగ్గా దానికి తలకిందులు.

కోర్సు నిజంగా నప్పనివాళ్లూ ఉంటారు, మారడం తప్పేం కాదు. కానీ మొదటి సెమిస్టర్ చూసి ఆ సంగతి తేల్చలేం.

మా హాస్టల్లో మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం నా రూమ్మేట్ దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. మర్నాడు పొద్దున చూస్తే మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది, సగం బట్టలు సర్దేసింది. మ్యాథ్స్ పోయింది, ఇంటికి వెళ్లిపోతానంది. నాకూ పోయిందని అప్పటిదాకా నేను తనకి చెప్పలేదు, సిగ్గేసి. చెప్పాను. ఇద్దరం కలిసి పక్క గదికి వెళ్లి అడిగితే అక్కడ ఇంకొకళ్లు, ఆ చివరి గదిలో మరొకళ్లు. ఒకే వరండాలో నలుగురం ఒకే పేపర్ తప్పి, ఎవరికి వాళ్లం నేనొక్కదాన్నే అనుకుంటూ ఆ రాత్రి తలుపులు మూసుకుని పడుకున్నాం. సూట్‌కేసు మళ్లీ మంచం కిందకి వెళ్లింది.