శుక్రుడు వేడిగా ఉన్నంత మాత్రాన వెలికోవ్‌స్కీ నెగ్గినట్టు కాదు

రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా వాట్సాప్ బృందాల్లో ‘ఖగోళ శాస్త్రవేత్త’ ఇమాన్యుయేల్ వెలికోవ్‌స్కీ గురించి ఒక సందేశం తిరుగుతోంది. 1950లో వచ్చిన ఆయన పుస్తకం ‘వరల్డ్స్ ఇన్ కొలిజన్’ను శాస్త్రవేత్తలు నిషేధింపజేశారనీ, ఐన్‌స్టీన్ మాత్రం ఆయన పక్షాన నిలిచాడనీ, శుక్రుడు వేడి గ్రహమన్న ఆయన మాటను అంతరిక్ష నౌకలు రుజువు చేశాయనీ, మన కలియుగారంభపు గ్రహపట్టికలో శుక్రుడు లేకపోవడమే ఆ గ్రహం తరువాత పుట్టిందనడానికి సాక్ష్యమనీ దాని సారాంశం. మొదటి మూడింటిలోనూ కొంత నిజం కలిసి ఉంది, చిక్కంతా అక్కడే.

వెలికోవ్‌స్కీ 1895లో విటెబ్‌స్క్‌లో పుట్టి, మాస్కోలో వైద్యం చదివి, పాలస్తీనాలో మనోవిశ్లేషణ వృత్తి చేసి, 1939లో అమెరికా చేరాడు. ఖగోళశాస్త్రం ఆయన వృత్తి కాదు. అది లోపమని నేననను, కాని సందేశం తగిలించిన బిరుదు అబద్ధం. క్రీ.పూ. 1500 ప్రాంతంలో గురుగ్రహం నుంచి తోకచుక్కగా వెలువడిన శుక్రుడు భూమికి చేరువగా వచ్చి భూభ్రమణాన్ని తారుమారు చేశాడనీ, ఆ ఉత్పాతాల జ్ఞాపకాలే నానా జాతుల పురాణగాథలనీ ఆయన వాదం.

పుస్తకాన్ని ఏ ప్రభుత్వమూ, ఏ న్యాయస్థానమూ నిషేధించలేదు. జరిగింది వేరు, అదీ సిగ్గుపడవలసినదే. హార్వర్డ్ ఖగోళజ్ఞుడు హార్లో షేప్లీ వంటివారి ఒత్తిడికి, పాఠ్యపుస్తకాల వ్యాపారం దెబ్బతింటుందన్న భయానికి లొంగి, ప్రచురణకర్తలైన మాక్మిలన్ సంస్థ జోరుగా అమ్ముడవుతున్న పుస్తకాన్ని కొద్ది నెలల్లోనే డబుల్‌డే అనే మరో ప్రచురణ సంస్థకు అప్పగించింది. దాన్ని స్వీకరించిన సంపాదకుడి ఉద్యోగం పోయింది. ఆ తరువాత కూడా అది విరివిగా అమ్ముడయింది. వెలికోవ్‌స్కీని గట్టిగా ఖండించిన ఖగోళజ్ఞుడు కార్ల్ సేగన్ సైతం, ఈ వ్యవహారంలో అన్నిటికన్నా హీనమైనది ఆ అణచివేత ప్రయత్నమేనని తరువాత రాశాడు. అయితే అన్యాయానికి గురైనవాడి సిద్ధాంతం ఆ కారణంగా నిజమైపోదు.

ఐన్‌స్టీన్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఇద్దరికీ 1920ల నుంచి పరిచయం ఉంది, ప్రిన్స్‌టన్‌లో స్నేహంగా చర్చించుకునేవారు. కాని 1955లో, మరణానికి కొద్దిరోజుల ముందు తనను కలిసిన చరిత్రకారుడు బెర్నార్డ్ కోహెన్‌తో, పుస్తకం చెడ్డదేమీ కాదు గాని పిచ్చిదని ఐన్‌స్టీన్ నవ్వుతూ అన్నాడు. సందేశం రాసినవారు స్నేహాన్ని సమర్థనగా లెక్కవేశారు.

శుక్రుడి వేడి విషయంలో వెలికోవ్‌స్కీ తొలివాడు కాదు. శుక్రుడి వాతావరణంలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) సూర్యతాపాన్ని పట్టి ఉంచడం వల్ల అక్కడి నేల నీరు మరిగే వేడిని మించి ఉంటుందని ఖగోళజ్ఞుడు రూపర్ట్ విల్ట్ 1940లోనే లెక్కగట్టాడు. 1956 నాటి రేడియో కొలతలూ, 1970లో అక్కడ దిగిన సోవియట్ నౌక వెనెరా 7 పంపిన సుమారు 475 డిగ్రీల సెల్సియస్ అంకె కూడా ఈ అంచనాకే బలమిచ్చాయి. వెలికోవ్‌స్కీ అంకె ఏదీ చెప్పలేదు. కొత్తగా పుట్టిన గ్రహం కనుక వేడిగా ఉందనీ, చల్లారుతోందనీ అన్నాడు. మేఘాల్లో నూనెజాతి పదార్థాలు ఉంటాయన్నాడు, తేలినది గంధకామ్లం (సల్ఫ్యూరిక్ ఆమ్లం). గురుగ్రహం రేడియో తరంగాలు వెలువరిస్తుందని 1953లో ఆయన అన్న మాట 1955లో నిజమైంది, ఆ గౌరవం ఆయనకు దక్కవలసిందే. కాని దానివల్ల ప్రధానంగా హైడ్రోజన్, హీలియంలతో నిండిన గురుగ్రహం శుక్రుడి వంటి రాతి గోళాన్ని ప్రసవించగలదని తేలదు.

కలియుగారంభపు పట్టికను వెలికోవ్‌స్కీ ఉదహరించిన మాట వాస్తవమే. అయితే క్రీ.పూ. 3102 అన్నది ఎవరో ఆకాశం చూసి రాసిపెట్టుకున్న తేదీ కాదు, ఖగోళ సిద్ధాంత గ్రంథాలు రాసినవారు వెనక్కి గణించి తేల్చినది. క్రీ.శ. 499 నాటికి కలిలో 3,600 ఏళ్లు గడిచాయన్న ఆర్యభటుడు, 43,20,000 ఏళ్ల మహాయుగంలో శుక్రుడికి 70,22,388 పరిభ్రమణాలు లెక్కించాడు. ఏళ్లను రోజులుగా మార్చి భాగించి చూడండి, ఒక చుట్టుకు సుమారు 224.7 రోజులు వస్తుంది, ఈనాడు కొలిచినదీ అంతే. ఇక శుక్ర మౌఢ్యం వస్తే పెళ్లిళ్లు ఆపుకునే మనకు బాబిలోన్ పలక ఒకటి సులువుగా అర్థం కావాలి: క్రీ.పూ. 1500కు ముందువాడైన అమ్మిసదుఖ రాజు కాలంలో శుక్రుడి ఉదయాస్తమయాలను ఏళ్ల తరబడి నమోదు చేసిన జాబితా అది. లభించిన ప్రతులు తరువాతి కాలానివి, లేఖక దోషాలున్నాయి. అయినా ఎనిమిదేళ్లకొకసారి పునరావృతమయ్యే శుక్రుడి గతి అందులో స్పష్టంగా కనబడుతుంది. వెలికోవ్‌స్కీ లెక్క ప్రకారం అప్పటికి ఆ గ్రహం ఈ కక్ష్యలో ఉండనే కూడదు.

సందేశంలో లేని సాక్ష్యం ఒకటి మన కాళ్ల కిందే ఉంది. దాదాపు ఆరువేల ఏళ్ల కిందట సముద్రం ఇంచుమించు కొల్లేరు అంచుల దాకా ఉండేది. గోదావరి ఒండ్రు తెచ్చి పోయగా తీరం దశలవారీగా ముందుకు జరిగింది. ప్రతి దశలోనూ ఒక ఇసుక మెరక మిగిలింది. డెల్టాలో ఎన్నో ఊళ్లు, కొబ్బరితోటలు ఆ మెరకల మీదే ఉన్నాయి, పల్లాల్లో వరి పండుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు సహా పలువురు రేడియోకార్బన్ పద్ధతిలో వీటి కాలాన్ని నిర్ణయించారు: లోపలివి పాతవి, సముద్రం వైపువి కొత్తవి. భూమి తిరగడం ఆగి సముద్రాలు ఒడ్డుదాటి ఉంటే, కొట్టుకుపోయే ఇసుకతో కట్టిన ఈ మెరకలు వరుస తప్పకుండా ఎలా మిగిలాయో ఆ సందేశాన్ని పంపుతున్నవారు చెప్పాలి.